పైకి తొమ్మిది, కిందికి ఆరు

మేల్‌పలా, జవ్వాది కొండ
4 మార్చి 1993

తమ్ముడు సడయన్‌కు అక్క పచ్చయమ్మాళ్ రాసేది. ఇక్కడ అందరం క్షేమం, మీ బావ నడుము తప్ప. అక్కడ నువ్వూ వసంతా క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం ఎవరి చేత రాయించానా అని ఇన్‌లాండు కవరు తిప్పి తిప్పి చూడకు. నేనే రాశాను. రెండేళ్ళు సాయంత్రం బడికి పోయి పలకా బలపం పట్టుకున్నది ఇందుకే. మొదటి ఉత్తరం కలెక్టరుకు రాద్దామనుకున్నాను. ఆయన జవాబు రాస్తాడో లేదో, నువ్వైతే రాయక తప్పదు. వరసలు ఎడమ నుంచి కుడికి పైకి ఎక్కుతున్నాయి, నాకూ కనిపిస్తోంది. కొండలో పుట్టినదాన్ని, నా అక్షరాలూ అలాగే నడుస్తాయి.

విషయానికి వస్తాను. మన చుట్టుపక్కల ఐదు ఊళ్ళకు కలిపి ఒక బడి వస్తోంది. హాస్టలు కాదు, పొద్దున పోయి సాయంత్రం వచ్చే బడి. కాగితం కూడా వచ్చింది. అయితే ఐదు ఊళ్ళకూ నడుమ ఏ చోటో పటం గీసి, సర్వేవాళ్ళ సంతకంతో జూన్ నెలాఖరులోగా ఇవ్వాలట. ఇవ్వకపోతే బడి కొండ కింద కీళూరుకు పోతుంది. కీళూరులో ఇప్పటికే ఒక బడి ఉంది, దానికి గోడ కూడా ఉంది.

నా కడగొట్టుది సెవ్వందికి ఆరేళ్ళు నిండాయి. బడి ఇక్కడికి రాకపోతే దాన్ని నీలాగే కీళూరు హాస్టల్లో వేయాలి. వేయలేను. వేయకపోతే అది నాలాగే నలభై ఏళ్ళకు అక్షరాలు దిద్దుకుంటుంది. పటాలు గీసే ఆఫీసులో కూర్చున్న కొండ మనిషివి నువ్వొక్కడివే. నువ్వు గియ్యి.

దూరాలన్నీ అడిగి పెట్టాను. ఏ ఊరి ఆడవాళ్ళు ఆ ఊరి నుంచి చెప్పిన లెక్క ఇది. మేల్‌పలా నుంచి ఓడయూరుకు రెండు దింపులు. ఓడయూరు నుంచి కల్‌పట్టుకు ఐదు. కల్‌పట్టు నుంచి నావల్‌పట్టుకు మూడు. నావల్‌పట్టు నుంచి తేన్‌పాడికి రెండు. తేన్‌పాడి నుంచి మన ఊరికి ఐదు. దింపు అంటే నీకు చెప్పక్కర్లేదు. నెత్తిన గంపతో నడిచి నడిచి, మెడ ఇక చాలన్న చోట బండ మీదికి దించుతామే, అదే.

నిన్న చింతపండు గంప అమ్మ రాయి మీద దించి, బడి సంగతి ఆమెకు కూడా చెప్పాను. నీకు రెండేళ్ళప్పుడు పోయింది, మొహం గుర్తు లేదంటావు. రాయైనా గుర్తుందా? కడుపుతో పోయిన ఆడదాని బరువు దిగకుండా ఉండిపోతుందనీ, దారిన పోయేవాళ్ళు తమ బరువు దించుకుంటే ఆమెకూ కాస్త దిగుతుందనీ నాన్న కనుమలో నాటించిన రాయి. రెండు నిలువు బండలు, పైన ఒక అడ్డబండ. సరిగ్గా మెడ ఎత్తు.

కాగితం అయిపోయింది. అంచుల్లో రాస్తే పోస్టువాడు చదువుతాడు.

ఇట్లు,
అక్షరాలు వచ్చిన అక్క


వేలూరు
18 మార్చి 1993

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. వసంత వచ్చి, "ఏమైంది, కొండ మీద ఎవరికైనా బాగోలేదా?" అని కంగారు పడింది. "మా అక్క రాసింది" అన్నాను. "ఎవరి చేత?" అంది. "చేత్తో" అన్నాను. అప్పుడు ఆమె కూడా కూర్చుని చదివింది. నువ్వు రాసిన ఆ 'కలెక్టరు' మాటలో ఒక కొమ్ము ఎక్కువైంది గాని, కలెక్టరుకు కొమ్ములు ఉంటే తప్పేమీ లేదు.

ఉత్తరాన్ని ఆఫీసుకు కూడా పట్టుకుపోయాను. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పొన్నురంగం గారు ముప్పై ఏళ్ళుగా పటాలు గీస్తున్నారు. స్కేలు లేకుండా భోజనం కూడా చేయరు, అరటాకు అంచు తిన్నగా లేకపోతే సర్దుకుంటారు. ఆయన చదివి, "మీ అక్క ఇచ్చిన వివరం చాలా బాగుంది, ఊరి నుంచి ఊరికి చుట్టు మొత్తం ఇచ్చింది. గియ్యి, సంతకం నేను పెడతా" అన్నారు. కాబట్టి సెవ్వందికి పలక కొనిపెట్టు. మిగతాది నేను చూసుకుంటాను.

బావ నడుముకు ఇక్కడ ఒక నూనె దొరుకుతుంది. పంపనా?

నీ తమ్ముడు,
సడయన్


మేల్‌పలా
29 మార్చి 1993

తమ్ముడికి,

నూనె పంపు. ఒళ్ళు వంచమన్నప్పుడు మాత్రమే నొప్పి వచ్చే నడుముకు ఏ నూనె పనిచేస్తుందో అది.

నువ్వు పటం గీస్తున్నావని ఒక్కరికి చెప్పాను, ఐదు ఊళ్ళకూ తెలిసింది. ఇప్పుడు నేను పెద్ద మనిషిని. తేన్‌పాడి వాళ్ళు తేనె పంపారు. కల్‌పట్టు వాళ్ళు సామలు పంపారు. ఓడయూరు నుంచి ఒకావిడ వచ్చి, "మీ తమ్మునికి చెప్పి మా ఊరిని రవంత ఇట్లా జరిపించు వదినా" అని అడిగింది. ఊరుగౌండరు, ఊరికి పెద్ద కదా, తన సామ చేను పటంలో కనిపించాలన్నాడు. కనిపించకపోయినా కనిపించిందని చెప్తాను. నువ్వు తొందరగా పంపు.

అక్క


వేలూరు
20 ఏప్రిల్ 1993

అక్కకు,

పటం గీశాను. ఒక దింపుకు ఒక అంగుళం చొప్పున వేసుకుని నీ లెక్క ప్రకారమే ఊళ్ళన్నీ పెట్టుకుంటూ వచ్చాను. సమాధానం చెప్పు, ఇది ఎలా జరిగింది. ఓడయూరు వైపు నుంచి మొదలుపెట్టి చుట్టి వస్తే మన ఊరు ఒక చోట పడింది. తేన్‌పాడి వైపు నుంచి చుట్టి వస్తే మూడు అంగుళాలు అవతల ఇంకో చోట పడింది. మేల్‌పలా పటంలో రెండు చోట్ల ఉంది అక్కా. పొన్నురంగం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "ఏమప్పా, మీ ఊరు ఒకటా రెండా?" అని అడిగారు. ఆఫీసంతా నవ్వారు. నెల రోజుల పని.

ఎవరో లెక్క తప్పు చెప్పారు. నువ్వు ఎవరినీ గద్దించకుండా అడిగింది అడిగినట్టు రాసుకుని ఉంటావు. నిజమైన దూరాలు పంపు. నేను ఇక్కడ నా పరువు పెట్టి పని చేస్తున్నాను.

సడయన్


మేల్‌పలా
1 మే 1993

సడయన్‌కు,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను చేనులో ఉన్నాను. మీ బావ కూడబలుక్కుని చదివి, ఒక్క ముక్క పట్టుకుని వీధిలోకి పోయాడు. మన ఊరు పటంలో రెండు చోట్ల ఉందని. సాయంత్రానికి అది సర్కారు మన ఊరిని రెండు చేస్తోందని అయింది. నేను వచ్చేసరికి ఊరుగౌండరు గుడి ముందు పంచాయితీ పెట్టాడు. పై వీధి వాళ్ళు కాళియమ్మ గుడి తమ ముక్కలోకే రావాలన్నారు. కింది వీధి వాళ్ళు గుడి మీరే ఉంచుకోండి, మాకు ఊటబావి చాలన్నారు. ఇరవై ఏళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూడని దాయాదులు, మన పంగాళ్ళు ఇద్దరు, ఎవరికి ఏం కావాలో చక్కగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఊరు రెండైతే తప్ప కలవని వాళ్ళు ఉంటారని నాకు ఆ రోజే తెలిసింది.

నేను వెళ్ళి, "ఊరు రెండు కాలేదు, నా తమ్ముడికి లెక్క రాలేదు" అన్నాను. అందరికీ నిరాశ.

ఇక నీ సంగతి. ఎవరో తప్పు చెప్పారంటావా? ముప్పై ఏళ్ళుగా ఈ కొండ మీద మోస్తున్నాను. నాకు ఒంట్లో ఎముకలు ఎన్నో తెలీదు గాని, ఏ దారికి ఎన్ని దింపులో తెలుసు. మనం కీళూరు సంతకు కనుమ నుంచి పోయేటప్పుడు ఆరు, మళ్ళీ కనుమ దాకా వచ్చేటప్పుడు తొమ్మిది. దిగేదానికీ ఎక్కేదానికీ ఒకే లెక్క ఎలా వస్తుంది? ఇది కొండ మీద పాలు మరిచిన పిల్లకు తెలుసు. మేల్‌పలా నుంచి ఓడయూరుకు దిగుడు, అందుకే రెండు. అదే దారిలో వాళ్ళు మన ఊరికి వస్తే నాలుగు. నువ్వు ఎక్కడాన్నీ దిగడాన్నీ ఒకే అంగుళంతో కొలిచి నన్ను అంటావా? ఒక్కసారైనా నెత్తిన గంప పెట్టుకున్నవాడివైతే ఈ తప్పు చేసేవాడివి కాదు.

ఈ ఉత్తరంలో వరసలు తిన్నగా ఉన్నాయి చూడు. కోపంగా ఉన్నప్పుడు బాగా రాస్తాను.

పచ్చయమ్మాళ్


వేలూరు
14 మే 1993

అక్కకు,

కోపం పక్కన పెట్టు. నీ లెక్క నాకు అర్థమైంది గాని పటానికి పనికిరాదు. పటంలో దూరం అంటే దూరమే, ఎక్కినా దిగినా ఒకటే. కాబట్టి దింపులన్నీ పక్కన పెట్టేశాను. ఆఫీసులో పాత సర్వే పటం ఒకటి దొరికింది, అందులో మన ఐదు ఊళ్ళూ ఉన్నాయి. పొన్నురంగం గారూ నేనూ రెండు రోజులు కూర్చుని స్కేలుతో కొలిచి నట్టనడుమ చోటు పట్టుకున్నాం. ఏ ఊరి నుంచి కొలిచినా ఒకటిన్నర కిలోమీటరు లోపే. ఆ చోటు పేరు పులిమడుగు.

మొన్న విద్యాశాఖ అధికారి అమ్మగారి దగ్గరికి స్వయంగా వెళ్ళి ఇచ్చాను. ఆవిడ పటం చూసి, ఇంత శుభ్రంగా ఎవరూ ఇవ్వలేదని మెచ్చుకున్నారు. ఇక ఏ భయమూ లేదు. సంతోషంగా ఉండు. ఊరుగౌండరు చేను కూడా వేశాను, చిన్న చుక్క.

నూనె పంపాను. అందిందా?

సడయన్


మేల్‌పలా
23 మే 1993

తమ్ముడికి,

నూనె అందింది. పులిమడుగు కూడా అందింది.

పులిమడుగు నీకు గుర్తు లేదని ఇప్పుడు తెలిసింది. అది లోయ అడుగు రా. ఐదు ఊళ్ళూ గుర్రపు నాడాలాగా కొండ అంచు మీద కూర్చుంటే, అది నడుమ గోతిలో ఉంది. నట్టనడుమే, కాదనను. ఏ ఊరి నుంచైనా పిల్లలు పొద్దున జారుకుంటూ పోతారు. సాయంత్రం ఆకలితో నిలువు కొండ ఎక్కేది ఎవరు? వానాకాలం వాగు వస్తే మూడు నెలలు అవతలి ఊళ్ళ పిల్లలు రాలేరు. ఇవతలి వాళ్ళను పంపితే తిరిగి వస్తారో లేదో. అప్పుడు ఇక్కడి పెద్దలు ఏమంటారో తెలుసా? "బడి బాగానే ఉంది, హాస్టలు ఒకటి కట్టండి" అంటారు.

నీకు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళు చెప్పలేదు, నోటితో చెప్పలేని మాట చేత్తో రాయొచ్చని ఈ మధ్యనే తెలిసింది. నీకు ఏడేళ్ళప్పుడు నిన్ను కీళూరు హాస్టల్లో వేయడానికి నేనే తీసుకుపోయాను. నాకు పదిహేను. నెత్తిన చింతపండు గంప, చేతిలో నీ చెయ్యి. ఆరు దింపులు. నువ్వు దారంతా గెంతుతూ వచ్చావు. చింతపండు అమ్మి నీకు పళ్ళెం, దుప్పటి కొని, లోపల వదిలాను. నువ్వు కిటికీ ఊచలు పట్టుకుని అరిచావు. తిరిగి వచ్చేటప్పుడు నా నెత్తిన ఏమీ లేదు. గంప కూడా ఖాళీ. అయినా తొమ్మిది చోట్లా కూర్చున్నాను. చివరిది అమ్మ రాయి.

నువ్వు చదివి మంచివాడివి అయ్యావు, ఆ పని తప్పని నేను అనను. సెవ్వందిని మాత్రం అలా దింపి రాను.

నీ మీద కోపం లేదు. నువ్వు ఎక్కడం మరిచిపోవడానికి కారణం నేనే. ఒక పని చెయ్యి. ఆ స్కేలు పట్టుకునే పెద్దాయన్నీ, ఆ అమ్మగారినీ ఒకసారి కొండకు పంపు. నువ్వు రావద్దు. నువ్వు ఉంటే మధ్యలో మాట్లాడతావు.

అక్క


వేలూరు
4 జూన్ 1993

అక్కా,

ఉత్తరం అందింది. ఊచలు గుర్తున్నాయి. నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా పోయావని చాలా ఏళ్ళు నీ మీద కోపంగా ఉండేవాడిని. తిరిగి చూసి ఉంటే నన్ను వదిలి వెళ్ళలేకపోయేదానివని ఇప్పుడు తెలుస్తోంది. వసంత ఉత్తరం తీసుకుని చీర మడతల్లో దాచింది, నాకు ఇవ్వడం లేదు.

అమ్మగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఇచ్చిన పటం తప్పు కావచ్చని నా నోటితో నేనే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "నెలాఖరు దాటితే నా చేతుల్లో ఏమీ ఉండదు. పదిహేడో తేదీ వస్తాను" అన్నారు. పొన్నురంగం గారు మాత్రం చాలా బాధపడ్డారు. "స్కేలు అబద్ధం చెప్పదు సడయా" అని మూడుసార్లు అన్నారు. అయినా వస్తున్నారు. ఆయనకు యాభై ఆరేళ్ళు, మోకాళ్ళు అంతంత మాత్రం. భోజనం టైముకు పెట్టాలి. దయచేసి ఆయన్ని ఏమీ అనకు. మంచి మనిషి.

నీ తమ్ముడు,
సడయన్


మేల్‌పలా
20 జూన్ 1993

ముద్దుల తమ్ముడికి,

నేను మీ పెద్దాయన్ని ఒక్క మాట అనలేదు. కాళియమ్మ మీద ఒట్టు. మర్యాద చేశాను, అంతే.

పదిహేడున పొద్దున్నే జీపు ఓడయూరు దాకా వచ్చింది. అక్కడి నుంచి నడక. అమ్మగారు వచ్చీ రాగానే చెప్పులు విప్పి చేత పట్టుకుంది, అప్పుడే నాకు నచ్చింది. పెద్దాయన పటం చుట్ట చంకలో పెట్టుకుని, మొదట పులిమడుగు చూద్దామన్నారు. సరేనన్నాను. ఓడయూరులో గంజి తాగించి, బయలుదేరే ముందు ఊరివాళ్ళ చేత ఒక పనసపండు ఇప్పించాను. మన ఆచారం నీకు గుర్తుందా, అదీ మరిచావా? పనసపండు ఇచ్చినవాళ్ళు మొయ్యరు, పుచ్చుకున్నవాళ్ళే మొయ్యాలి. మోయించుకుంటే చెట్టు మరుసటేడు కాయదు. పెద్దాయనకు ఈ సంగతి వినయంగా చెప్పాను. చిన్న పండే. పదిహేను కిలోలు ఉంటుందేమో.

"ఫరవాలేదమ్మా, నేనూ పల్లెటూరివాణ్ణే" అని నెత్తికెత్తుకున్నారు. లోయలోకి దిగేటప్పుడు రెండే రెండుసార్లు దించారు. పులిమడుగు చేరాక పటం పరిచి, వేలు పెట్టి, "చూడండి మేడమ్, నట్టనడుమ. ఎంత దగ్గర" అన్నారు. మొహం వెలిగిపోయింది. నేను అవునవునన్నాను. "అయితే ఇప్పుడు మా ఊరికి పోదాం సామీ, భోజనం పెట్టాల. ఇదే దారిలో బడిపిల్లోళ్ళు సాయంత్రం ఇంటికొస్తారు" అన్నాను.

మేల్‌పలాకు ఎక్కుడు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పను. మొదటి మలుపులో దించారు. రెండో మలుపులో దించారు. అమ్మగారు సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, ఆయన కూర్చున్నప్పుడల్లా ఒక గీత పెట్టడం మొదలుపెట్టింది. ఆరో గీత దగ్గర ఆయన, "ఈ దారి పొద్దున దిగినదాని కంటే ఎక్కువుంది కదమ్మా" అన్నారు. నేను నోరు మెదపలేదు, ఏమీ అనొద్దన్నావు గనక. అమ్మగారే, "మీ స్కేలు ప్రకారం తక్కువే పొన్నురంగం గారూ" అంది. మన వాకిట్లోకి వచ్చేసరికి పదకొండు గీతలు. ఆయన అరుగు మీద పడుకుని, "మంచినీళ్ళు" అన్నారు. మీ బావ నువ్వు పంపిన నూనె తెచ్చి ఆయన మోకాళ్ళకు రాశాడు. ఆ సీసా మొదటిసారి ఒకరికి పనికొచ్చింది.

అన్నం తిన్నాక కనుమకు బయలుదేరాం. పండు మళ్ళీ ఆయన నెత్తినే. నేను తీసుకుంటానన్నాను, "వద్దు, చెట్టు కాయదు" అన్నారు. అంచు వెంట దారి, ఎక్కుడూ లేదు దిగుడూ లేదు. రెండు చోట్ల దించి, మూడోది అమ్మ రాయి మీద దించారు. దించి, అడ్డబండకు రెండు చేతులూ ఆన్చి నిలబడి, "ఇది ఎవరు పెట్టారో గాని, సరిగ్గా మెడ ఎత్తున పెట్టారు" అన్నారు.

"మా నాయన నాటినాడు సామీ. మా యమ్మ కోసరం" అన్నాను. ఎందుకో చెప్పాను. ఆయన వెంటనే పండు తీసేయబోయారు, తప్పు చేశానేమోనని. "తీయబాకండి. దాని కోసరమే నాటింది" అన్నాను.

ఇక అసలు సంగతి. పొద్దు నడినెత్తికి రాగానే నెత్తిన బరువుతో బయలుదేరి రాయి దగ్గరికి రమ్మని మిగతా నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళకూ ముందే కబురు పెట్టాను. మేం అక్కడ కూర్చుని ఒక విడత ఆకూ వక్కా వేసుకునేలోపల నాలుగు దారుల నుంచీ వచ్చేశారు. ముందు తేన్‌పాడి, వెనకే ఓడయూరు, ఆఖరున కల్‌పట్టు వాళ్ళు, అదీ దారిలో జగడం ఆడుకుంటూ వచ్చారు గనక. "ఎన్ని?" అని అమ్మగారు ఒక్కొక్కరినీ అడిగింది. మూడు, మూడు, మూడు, మూడున్నర. "తిరిగి పోయేటప్పుడు?" అంది. నావల్‌పట్టు ముసలామె ఆవిడను వింతగా చూసి, "అదేందమ్మా, ఈడికి పొయ్యేదీ వచ్చేదీ ఒకటే గదా. అందుకే గదా రాయి ఈడ నాటింది" అంది.

మన నాన్న స్కేలు చూడలేదు సడయా. ఐదు ఊళ్ళ వాళ్ళూ దించుకునే చోటు వెతికి అమ్మకు రాయి నాటాడు.

పెద్దాయన పటం పరిచారు. తర్వాత పెన్సిలు తీసి పులిమడుగు మీద పెట్టిన గుర్తు కొట్టేశారు. కొట్టేసిన గీత కూడా తిన్నగానే ఉంది.

పండు ఆయనే జీపు దాకా మోసుకుపోయారు. కోశాక తొనలు నీకూ ఇస్తానన్నారు. ఇచ్చారా?

గెలిచిన అక్క


వేలూరు
6 జూలై 1993

అక్కా,

పన్నెండు తొనలు ఇచ్చారు. మిగతావి తన ఇంటి వీధి మొత్తానికీ పంచారు. "నేను మోసిన పండు" అని చెప్పి మరీ పంచారట.

కొత్త పటం ఇరవై ఎనిమిదినే ఇచ్చాం, గడువుకు రెండు రోజుల ముందు. నిన్న మంజూరు కాగితం వచ్చింది. ముందు పూరిపాక, గోడలు తర్వాత. టీచరు ఆగస్టు ఆఖరుకు వస్తుంది.

ఈ పటంలో పొన్నురంగం గారు ఒక పని చేశారు. ప్రతి దారికీ కిలోమీటర్ల కింద రెండు అంకెలు రాయించారు, పోయేటప్పుడు ఎన్ని దింపులు, వచ్చేటప్పుడు ఎన్ని. దారికి రెండు దూరాలు ఉన్న పటం ఆయన సర్వీసులో ఇదే మొదటిదట. "పైవాళ్ళు అడిగితే?" అన్నాను. "ఒక పనసపండు ఇచ్చి పంపుదాం" అన్నారు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. బడి చోటుకు పేరు రాయాలి. పాత పటంలో ఆ కనుమ దగ్గర ఏమీ లేదు. నువ్వూ నేనూ అమ్మ రాయి అంటాం, మిగతావాళ్ళు ఏమంటారో నాకు తెలీదు. చెప్పు. ఆ గడి ఖాళీగా ఉంచి, రోజూ దాని వంకే చూస్తున్నాను.

సడయన్


మేల్‌పలా
1 సెప్టెంబరు 1993

తమ్ముడికి,

పేరు సంగతి పోస్టుకార్డులో రాశాను, అంది ఉంటుంది. ఐదు ఊళ్ళ వాళ్ళూ దాన్ని కుప్పమ్మాళ్ రాయి అనే అంటారట. ముప్పై ఏళ్ళుగా అంటున్నారట. అమ్మను పేరుతో పిలిచేవాళ్ళు ఇంతమంది ఉన్నారని మనకే తెలీదు. అమ్మ పేరు పటం ఎక్కింది, నా పేరు ఇంకా రేషన్ కార్డు మీదే సరిగ్గా లేదు.

ఇవాళ బడి మొదలైంది. టీచరు చిన్న పిల్ల, తిరుపత్తూరు నుంచి వచ్చింది, కనుమ గాలికి జడ నిలవడం లేదు. ఊరుగౌండరు ఉపన్యాసం చెప్పాడు, పటంలో తన చేను ఉందని అందులో నాలుగుసార్లు వచ్చింది. మన పంగాళ్ళు ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోవడం మానేశారు, ఊరు ఒకటే అయింది గనక.

ఐదు దారుల నుంచీ పిల్లలు వచ్చారు. నేను లెక్కపెట్టాను, ముప్పై ఒక్కరు. ఎవరూ చెప్పలేదు సడయా, ఎవరూ నేర్పలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే సంచులు తీసి రాయి మీద పెట్టి ఆడుకోవడానికి పోయారు. అందని పొట్టివాళ్ళకు పెద్దపిల్లలు అందించారు. ముప్పై ఒక్క సంచి అమ్మ మీద. నేను పాక వెనక్కి పోయి కాసేపు ఏడ్చాను. మంచి ఏడుపే, కంగారు పడకు.

నువ్వూ వసంతా దీపావళికి ముందే రండి. నువ్వు కీళూరులో దిగి నడిచి రావాలి. కింద ఒక పనసచెట్టు వాళ్ళతో మాట్లాడి పెడదామనుకున్నాను, కాయలు అయిపోయాయి, నీ అదృష్టం. కీళూరు కొట్లో ఒక బస్తా ఉప్పు ఉంది, అది తెచ్చి పెట్టు. ఎన్ని దింపులో నువ్వే లెక్కపెట్టుకో. చివరిది ఎక్కడో నీకు తెలుసు.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. నీ మేనకోడలు పొద్దున బడికి పోయింది, సాయంత్రం ఇంటికి వచ్చింది. నేను వాకిట్లోనే కూర్చుని ఉన్నాను. "ఎన్ని చోట్ల కూర్చున్నావే?" అని అడిగాను. ఎక్కడా కూర్చోలేదట. పరిగెత్తుకుంటూ వచ్చిందట.

అక్క